డాలస్ చలిలో బాటిల్ బ్రష్

హైదరాబాద్ రోడ్ల పక్కన ఎవరూ పట్టించుకోకపోయినా ఎర్రగా విరగబూసే బాటిల్ బ్రష్ చెట్టు, డాలస్‌లో ఇంటి ముందు మంచి మట్టి పోసి, ఎరువు వేసి, వేళకు నీళ్లు పెట్టి పెంచితే ఒక్క శీతాకాలంలో ఎందుకు మాడిపోతుంది? అమెరికాలో పెరడున్న ఇల్లు కొనుక్కుని, ఊళ్లో చూసిన చెట్టునే ఇక్కడా పెంచుకుందామనుకున్న తెలుగువాళ్లు అడిగే ప్రశ్న ఇది. దీనికి సాధారణంగా దొరికే జవాబు ఒకటే: అది వేడి ప్రాంతపు చెట్టు, చలికి ఆగదు. ఈ జవాబులో సగమే నిజం. ఇదే జాతి చెట్లలో కొన్ని ఆస్ట్రేలియా కొండల మీద ఏటా మంచు కింద మునిగి, మళ్లీ చిగురిస్తాయి. పైగా ఒకే రకం మొక్కలు ఒకే వీధిలో ఉన్నప్పుడు ఒకటి చచ్చి ఇంకొకటి బతకడం మామూలే. కాబట్టి రకం పేరు ఒక్కటే చాలదు, ఆ మొక్క అంతకు ముందు వేసవినీ శరదృతువునూ ఎలా గడిపిందో కూడా చూడాలి. చలిని తట్టుకునే శక్తి జనవరి రాత్రి పుట్టుకొచ్చేది కాదనీ, అది నెలల తరబడి కూడబెట్టుకోవలసిందనీ, పెంచేవాళ్ల పని చాలావరకు ఆ నెలల్లోనే ఉందనీ చూపించడమే ఈ అధ్యాయం పని.

మంచు కొండల మీది చుట్టాలు

బాటిల్ బ్రష్‌లు ఆస్ట్రేలియాకు చెందినవి. మన నేరేడు, జామ, లవంగం, నీలగిరి ఉన్న మిర్టేసీ కుటుంబమే వీటిదీ. రాబర్ట్ బ్రౌన్ అనే వృక్షశాస్త్రవేత్త 1814లో వీటికి కాలిస్టెమాన్ అని పేరు పెట్టాడు. ఇటీవలి కాలంలో పలువురు శాస్త్రజ్ఞులు వీటిని మెలల్యూకా అనే పెద్ద ప్రజాతిలో కలిపేశారు. అందుకే నర్సరీలో ఒకే మొక్కకు ఒక చోట ఒక పేరు, ఇంకో చోట ఇంకో పేరు కనిపిస్తుంది. కొనేటప్పుడు రెండు పేర్లూ తెలిసి ఉండటం మంచిది. బ్రష్ అని మనం పిలిచేది ఒక్క పువ్వు కాదు, కొమ్మ చుట్టూ కిక్కిరిసిన అనేక పూలు. వాటి రేకులు కంటికి ఆననంత చిన్నవి. రంగంతా పొడవాటి కేసరాలదే. ఈ చెట్టులో అంతకన్నా విశేషం, పూలగుత్తితో కొమ్మ ఆగిపోకపోవడం. బ్రష్ కొసన ఆకుల మొగ్గ ఉంటుంది. పూలు రాలాక కొమ్మ అక్కడి నుంచే ముందుకు సాగుతుంది. వెనకాల గింజల కాయలు చెక్కలా గట్టిపడి ఏళ్ల తరబడి కొమ్మను అంటిపెట్టుకుని ఉంటాయి. పాత కొమ్మ మీద కాయల వరసలను లెక్కపెడితే అది ఎన్నిసార్లు పూసిందో తెలిసిపోతుంది. ఈ సంగతి కత్తిరింపు దగ్గర మళ్లీ పనికొస్తుంది.

మన ఊళ్లలో తరచుగా కనిపించేది కొమ్మలు వేలాడే రకం, కాలిస్టెమాన్ విమినాలిస్. తూర్పు ఆస్ట్రేలియా వాగుల వెంట, పెద్ద చలి లేని చోట్ల పుట్టింది. తోటల్లో అంతే ప్రసిద్ధమైన సిట్రినస్ కూడా ఎక్కువగా తీర ప్రాంతానిదే. ఇవి రెండూ తేలికపాటి మంచును ఓర్చుకుంటాయి గాని, గట్టిగా గడ్డకట్టే చలికి ఆగవు. అదే న్యూ సౌత్ వేల్స్, విక్టోరియా రాష్ట్రాల ఎత్తయిన కొండల్లో, తడి నేలల్లో, వాగుల పక్కన పిటియాయిడిస్ అనే పొద పెరుగుతుంది. ఆకులు పైన్ సూదుల్లా సన్నగా, మొనదేలి ఉంటాయి. పూలు లేత పసుపు. టాస్మేనియా కొండల్లో పెరిగే విరిడిఫ్లోరస్ ఆకుపచ్చ కలిసిన పసుపు రంగులో పూస్తుంది. నదుల ఒడ్డున పెరిగే సీబరీ, లేత పసుపు పూల పాలిడస్ కూడా చలికి గట్టివే. ఎర్ర పూలే కావాలనుకునే వాళ్లకు బిరుసు ఆకుల రిజిడస్ ఉంది. దక్షిణ కరోలైనాలోని ఎయికెన్ ఊరి నర్సరీ ప్రచారంలోకి తెచ్చిన వుడ్‌లాండర్స్ హార్డీ అనే ఎర్ర రకం కూడా ఉంది. ఈ జాబితా చూసి కొందరు నిరుత్సాహపడతారు, చలికి బాగా గట్టివన్నీ పసుపు, ఆకుపచ్చ పూలవేనా అని. చాలావరకు నిజమే. కాని లేత పసుపు బ్రష్‌లతో నిండిన పొద అందం తక్కువదేమీ కాదు. ఏటా కొసలు మాడిపోయి పూయలేని ఎర్ర రకం కన్నా, ఏటా పూసే పసుపు రకమే పెరటికి మేలు అని నా అభిప్రాయం.

కొండ రకం తెచ్చి నాటితే సరిపోదా అంటే, పూర్తిగా సరిపోదు. ఆస్ట్రేలియాలో ఇంతవరకు నమోదైన అతి తక్కువ ఉష్ణోగ్రత మైనస్ 23 డిగ్రీలు. స్నోయీ పర్వతాల్లోని షార్లట్ పాస్‌లో 1994 జూన్ 29న నమోదైంది. పిటియాయిడిస్ ఆ పర్వత శ్రేణుల్లోనూ పెరుగుతుంది. అంతమాత్రాన ఆ పొద మైనస్ 23ను తట్టుకుంటుందని అనుకోకూడదు. ఆ కొండల మీద శీతాకాలమంతా మంచు పేరుకుని ఉంటుంది. మంచులో గాలి చిక్కుకుని ఉంటుంది కనుక అది వేడిని పోనివ్వదు. మందంగా పేరుకున్న మంచు కింద నేల దగ్గర ఉష్ణోగ్రత సున్నాకు అటూ ఇటూ నిలబడుతుంది. పైన గాలి ఎంత చల్లబడినా కింద ఉన్న పొద దాన్ని చూడదు. టెక్సస్‌లో మంచు దుప్పటి లేకుండా పొడి చలి నేరుగా ఆకును తాకుతుంది. కొండ రకం ఎంచుకోవడం మంచి మొదలు, అంతే.

గడ్డకట్టే రాత్రి ఆకులో

చలి చెట్టును ఎలా చంపుతుందో తెలియనిదే సంరక్షణలో ఏ పని ఎందుకు చేస్తున్నామో తెలియదు. ఆకులోని కణాలు నీటితో నిండి ఉంటాయి, నీరు గడ్డకడితే వ్యాకోచిస్తుంది, దాంతో కణాలు పగిలిపోతాయి అని చాలామంది అనుకుంటారు. వాస్తవంలో మంచు మొదట కట్టేది కణాల లోపల కాదు, కణాలకూ కణాలకూ మధ్య ఉన్న సందుల్లో. అక్కడి నీరు దాదాపు స్వచ్ఛమైనది, త్వరగా గడ్డకడుతుంది. కణం లోపలి నీటిలో చక్కెరలు, లవణాలు కరిగి ఉంటాయి కనుక అది ఇంకాస్త చలికి గాని గడ్డకట్టదు. సందుల్లో మంచు కట్టగానే అది కణంలోని నీటిని బయటికి లాగడం మొదలుపెడుతుంది.

ఇది మాగాయ పెట్టే ఇంట్లో ఏటా జరిగే పనే. చెక్కు తీసిన మామిడి ముక్కలకు ఉప్పు పట్టించి జాడీలో పెడితే, మర్నాటికి ముక్కలు ఊటలో తేలుతూ ఉంటాయి. ముక్కలను ఎవరూ పిండలేదు. బయట ఉప్పు ఉంది కాబట్టి లోపలి నీరు పొరల గుండా దానంతటదే బయటికి వచ్చేసింది. ముక్క మెత్తబడి, వడిలి, ముడుచుకుంది. ఆకులో ఉప్పు చేసే పనిని మంచు చేస్తుంది. చలి పెరిగే కొద్దీ ఊట ఎక్కువవుతుంది, కణం అంతగా కుంచించుకుపోతుంది. ఒక హద్దు దాటాక కణపొర నలిగి చిరుగుతుంది. తెల్లారి మంచు కరిగినప్పుడు నీరు తిరిగి వస్తుంది గాని, దాన్ని పట్టి ఉంచే పొర ఉండదు. అందుకే గడ్డకట్టిన ఆకు ముందు తడిసినట్టు మెత్తబడి, తర్వాత గోధుమ రంగుకు మారుతుంది. అంటే చలి దెబ్బ చాలావరకు దప్పిక దెబ్బ. కరవును ఓర్చుకునే శక్తికీ, చలిని ఓర్చుకునే శక్తికీ మధ్య చుట్టరికం ఉండటానికి కారణం ఇదే. పిటియాయిడిస్‌కు ఉన్న సన్నటి బిరుసు ఆకు రెంటికీ పనికొస్తుంది.

చెట్టు ఈ దెబ్బకు ముందే సిద్ధపడుతుంది. శరదృతువులో రాత్రులు క్రమంగా చల్లబడుతూ, గడ్డకట్టకుండా సున్నా పైన పది లోపు డిగ్రీల మధ్య వారాల తరబడి నడిస్తే, కణాలు లోపల చక్కెరలు కూడబెడతాయి. కణపొరలోని కొవ్వుల తీరు మార్చుకుని, చలిలో బిగుసుకుపోకుండా మెత్తగా ఉండేలా చూసుకుంటాయి. ఎండిపోయే ప్రొటీన్లను కాపాడే ప్రత్యేక ప్రొటీన్లను తయారుచేసుకుంటాయి. దీన్ని శాస్త్రజ్ఞులు కోల్డ్ అక్లిమేషన్ అంటారు. మనం చలి సన్నద్ధత అనుకుందాం. ఈ సన్నద్ధత రావడానికి వారాలు పడుతుంది. పోవడానికి కొన్ని వెచ్చటి రోజులు చాలు. ఒకే మొక్క జనవరిలో ఓర్చుకున్న చలికి అక్టోబరులో చచ్చిపోవచ్చు. ఆపిల్ చెట్టయితే ఆకులన్నీ రాల్చి గాఢనిద్రలోకి పోతుంది. నియమిత కాలం చలి తగిలితే గాని మేలుకోదు. బాటిల్ బ్రష్‌కు అలాంటి నిద్ర లేదు. చలికాలమే అంతంత మాత్రమైన హైదరాబాద్‌లో అది హాయిగా పెరిగి పూయడమే దీనికి సాక్ష్యం. ఈ గుణమే డాలస్‌లో దానికి ప్రమాదం. జనవరి చివర నాలుగు రోజులు వెచ్చబడితే అది వసంతం వచ్చిందనుకుని కదలడం మొదలుపెడుతుంది.

లేబుల్ మీది అంకె

నర్సరీ మొక్క లేబుల్ మీద జోన్ 8 అనో జోన్ 9 అనో రాసి ఉంటుంది. అమెరికా వ్యవసాయ శాఖ తయారుచేసిన ఈ పటంలో జోన్ 8 అంటే ఏడాదిలో అతి చల్లని రాత్రి ఉష్ణోగ్రత, చాలా ఏళ్ల సగటున, మైనస్ 12 నుంచి మైనస్ 7 డిగ్రీల సెల్సియస్ మధ్య పడే చోటు. జోన్ 9 అంటే మైనస్ 7 నుంచి మైనస్ 1 వరకు. ఇక్కడ సగటు అన్న మాటను గట్టిగా పట్టించుకోవాలి. కొన్నేళ్లు అంతకన్నా వెచ్చగా ఉంటాయి, కొన్నేళ్లు చాలా చల్లగా ఉంటాయి. డాలస్ ప్రాంతం చాలావరకు జోన్ 8లో ఉంది. కాని 2021 ఫిబ్రవరి 16న డాలస్–ఫోర్ట్‌వర్త్ విమానాశ్రయంలో మైనస్ 2 ఫారెన్‌హీట్, అంటే దాదాపు మైనస్ 19 సెల్సియస్ నమోదైంది. ఆ చలికి జోన్ 8 మొక్క చచ్చిపోతే లేబుల్ అబద్ధం చెప్పినట్టు కాదు. అలాంటి ఏడాదికి ఏ ఎర్ర బాటిల్ బ్రష్ కూడా హామీ ఇవ్వలేదు.

మైనస్ 12 అని రాసి ఉన్న మొక్క మైనస్ 6కే ఎందుకు పోయింది అన్న ఆక్షేపణకు మాత్రం జవాబు వేరు. లేబుల్ మీది అంకె సన్నద్ధత పూర్తయిన, వేళ్లు బాగా దిగిన, నీరు నిలవని నేలలో ఉన్న పొద గురించి. నవంబరు మొదటి వారంలో లేత చిగుళ్లతో ఉన్న మొక్క గురించి కాదు. దానికి తోడు వాతావరణ కేంద్రం చెప్పే ఉష్ణోగ్రతను కొలిచేది దాదాపు మనిషి ఎత్తున, నీడలో, గాలి ఆడే పెట్టెలో. మబ్బు లేని, గాలి లేని రాత్రి నేల తన వేడిని ఆకాశంలోకి పోగొట్టుకుంటుంది. అప్పుడు నేల దగ్గర గాలి ఆ అంకె కన్నా కొన్ని డిగ్రీలు చల్లగా ఉంటుంది. చల్లగాలి బరువైనది కనుక పల్లంలోకి జారి, గట్టి కంచె అడుగున నిలిచిపోతుంది. ఒకే పెరట్లో పల్లంలో మొక్క చచ్చి, మెట్ట మీది మొక్క బతకడానికి ఇది చాలు. ఉత్తరార్ధ గోళంలో దక్షిణం వైపు చూసే ఇటుక గోడ పక్కన, ఉత్తరపు గాలి తగలని చోట నాటమనడానికి కారణం కూడా ఇందులోనే ఉంది. పగలంతా ఎండ పీల్చిన గోడ రాత్రి ఆ వేడిని వదులుతూ ఉంటుంది.

వేళ్ల కింది సంగతి

చలి ప్రాంతంలో బాటిల్ బ్రష్‌ను నాటవలసింది వసంతంలో, చివరి మంచు పోయాక. శరదృతువులో నర్సరీలు తగ్గింపు ధరకు అమ్ముతాయి, ఎండ తగ్గిందని నాటడానికీ హాయిగా ఉంటుంది. చాలా చెట్లకు అది మంచి కాలమే, దీనికి కాదు. సతత హరితం కనుక శీతాకాలంలోనూ దాని ఆకులు నీటిని ఆవిరి చేస్తూనే ఉంటాయి. కుండీ ఆకారంలోనే ఉన్న వేళ్లు చుట్టూ నేలలోకి పాకకముందే ఆ నేల గడ్డకడితే, పైన గాలికి ఆకులు ఎండుతుంటాయి, కింద నీరు ఉండి కూడా అందదు. ఇంకో కారణం, ఏ చెట్టుకైనా వేళ్లు కొమ్మలంత చలిని ఓర్చుకోలేవు. నేల వాటిని కాపాడుతుంది కనుక వాటికి ఆ అవసరం రాలేదు. కుండీలో పెంచే మొక్కకు ఆ కాపుదల లేదు, చలి నాలుగు వైపుల నుంచీ వేళ్లకు తగులుతుంది. నేలలో నిలిచే రకమే కుండీలో చచ్చిపోవచ్చు. కుండీలను గట్టి చలి రోజుల్లో వేడి పెట్టని గరాజ్‌లోకి చేర్చడం మేలు. వెచ్చటి గదిలోకి తీసుకుపోతే సన్నద్ధత కరిగిపోతుంది.

నీరు నిలవని నేల కావాలని చెప్పగానే ఒక మంచి ప్రశ్న వస్తుంది. ఈ కొండ రకాలు పుట్టింది తడి నేలల్లో, వాగుల పక్కన కదా, మరి నీరు నిలిస్తే నష్టమేమిటి? కొండ వాగు పక్కన నీరు కదులుతూ ఉంటుంది, దానిలో ప్రాణవాయువు కరిగి ఉంటుంది. ఉత్తర టెక్సస్‌లో ఎక్కువ చోట్ల ఉన్నది మన నల్లరేగడికి సాటి వచ్చే బంకనేల. తడిస్తే ఉబ్బి రంధ్రాలన్నీ మూసుకుంటాయి, నీరు కదలదు, వేరుకు ఊపిరాడదు. కుళ్లు తెగుళ్లు మొదలయ్యేది అక్కడే. శరదృతువులో సగం వేళ్లు కుళ్లిన మొక్క పైకి పచ్చగానే కనిపిస్తుంది, చలి వచ్చాక పోతుంది, నింద చలి మీదికి పోతుంది. ఇలాంటి నేలలో గొయ్యి తవ్వి మంచి మట్టి నింపడం కన్నా, నేల మీద అడుగు ఎత్తు దిబ్బ చేసి నాటడమే సరైనది. బంకనేలలో తవ్విన గొయ్యి నీళ్ల తొట్టి అవుతుంది. ఆ నేలలో సున్నం ఎక్కువ. బాటిల్ బ్రష్‌కు కాస్త ఆమ్ల నేల ఇష్టం. సున్నపు నేలలో వేళ్లకు ఇనుము అందక, ఈనెలు ఆకుపచ్చగా ఉండి మధ్య భాగం పసుపుబారుతుంది. అప్పుడు మామూలు ఎరువు దండగ. ఇనుము కీలేట్ ఇవ్వాలి. నీరు నిలవకూడదంటే ఎండబెట్టమని అర్థం కాదు. గట్టి చలి రాబోతోందంటే ముందురోజు నేలకు నీరు పెట్టడం మంచిది. తడి నేల పొడి నేల కన్నా ఎక్కువ వేడిని దాచుకుంటుంది, ఆకులకు కూడా నీటి నిల్వ దొరుకుతుంది.

ఎరువు విషయంలో రెండు సలహాలు ప్రచారంలో ఉన్నాయి, రెండూ పూర్తిగా నమ్మదగినవి కావు. ఆస్ట్రేలియా మొక్కలకు భాస్వరం విషం అంటారు. ఆ తీవ్రమైన బాధ ప్రధానంగా బ్యాంక్సియా, గ్రెవిలియాల కుటుంబానిది. బాటిల్ బ్రష్ ఆ కుటుంబం కాదు. అయినా పేద నేలలకు అలవాటు పడినది కనుక భాస్వరం తక్కువ ఉన్న, మెల్లగా కరిగే ఎరువు వసంతంలో ఒకసారి చాలు. చలికాలం ముందు బాగా పోషిస్తే మొక్క బలంగా ఉంటుందన్నది రెండో సలహా. ఇది నిజంగా హాని చేసేది. ఆగస్టు తర్వాత నత్రజని వేస్తే లేత చిగుళ్లు పుట్టుకొస్తాయి, వాటి కణాల్లో నీరు ఎక్కువ, చక్కెర తక్కువ, సన్నద్ధతకు సమయం లేదు. హైదరాబాద్ రోడ్డు పక్కన పోషణ లేని చెట్టును చూసి జాలిపడి, డాలస్‌లో మొక్కకు రెట్టింపు ఎరువు వేసేవాళ్లు దానికి చలిలో చావడం నేర్పుతున్నారు.

వేళ్ల మీద రెండు మూడు అంగుళాల మందాన ఎండాకులో చెక్క పొట్టో పరిస్తే నేల వేడి నిలుస్తుంది, కాండానికి మాత్రం తగలకూడదు.   

కత్తెర, దుప్పటి, ఓపిక

కత్తిరింపు పూలు వాడిన వెంటనే జరగాలి. వాడిన బ్రష్‌కు కాస్త వెనక, ఆకులున్న చోట కోస్తే పక్క కొమ్మలు పుట్టి పొద గుబురవుతుంది. వచ్చే ఏడాది పూలు ఆ కొత్త కొమ్మల కొసన వస్తాయి కనుక ఆలస్యం చేస్తే పూలూ పోతాయి. సెప్టెంబరులో కోస్తే వచ్చే చిగుళ్లు నేరుగా మంచుకు దొరుకుతాయి. గింజలతో పెంచాలనుకునే వాళ్లు ఒక ఏడాదైనా ముదిరిన కాయలున్న కొమ్మను కాగితం సంచిలో వెచ్చగా, పొడిగా ఉంచితే, కాయలు కొన్నాళ్లలో విచ్చుకుని పొడి లాంటి గింజలు రాలుతాయి. వాటిని మట్టి కప్పకుండా పైపైన చల్లాలి. చలికి గట్టిదని పేరున్న రకం మాత్రం కొమ్మ కత్తిరింపుల ద్వారానే పెంచాలి. గింజ మొలకలు తల్లి గుణాన్ని తీసుకోవచ్చు, తీసుకోకపోవచ్చు.

ఇన్ని ముందు జాగ్రత్తలు ఎందుకు, చలి రాత్రి దుప్పటి కప్పితే పోదా అని అడగవచ్చు. దుప్పటి పనిచేస్తుంది, దాని హద్దులో. అది వేడిని పుట్టించదు, నేల వదిలే వేడిని పట్టి ఉంచుతుంది. మబ్బు లేని నిశ్చలమైన రాత్రి నేలదాకా దించి కప్పితే రెండు మూడు డిగ్రీలు మిగులుతాయి. చెట్టు తలకు మాత్రమే కట్టి కింద వదిలేస్తే ఏమీ మిగలదు. ఉత్తరం నుంచి గాలితో వచ్చే చలి రోజుల తరబడి నిలిచినప్పుడు నేల దగ్గర కూడా వేడి అయిపోతుంది, దుప్పటికి పట్టుకోవడానికి ఏమీ ఉండదు. ప్లాస్టిక్ పట్టాను ఆకులకు తగిలేలా కప్పడం వల్ల మేలు కన్నా కీడే ఎక్కువ. తగిలిన చోటల్లా ఆకు మాడుతుంది, ఎండ రాగానే లోపల వేడెక్కి మొక్క సన్నద్ధత కోల్పోతుంది.

చలి పోయాక గోధుమ రంగుకు తిరిగిన పొదను చూసి వెంటనే కత్తెర పట్టడం సహజమే, కాని అప్పుడే అది చేయకూడని పని. మాడిన ఆకులు లోపలి కొమ్మలకు మరో మంచు రాత్రి కొంత అడ్డు. పైగా కోత కొత్త చిగుళ్లను పిలుస్తుంది. చివరి మంచు దాటాక బెరడును గోటితో గీసి చూడాలి. కింద ఆకుపచ్చగా, తడిగా ఉంటే ఆ కొమ్మ బతికి ఉన్నట్టే. గోధుమ రంగులో పొడిగా ఉంటే కిందికి జరుగుతూ గీయాలి, పచ్చదనం కనిపించిన చోట కోయాలి. పైనంతా చచ్చినా మొదలు నుంచి చిగుళ్లు రావచ్చు, వాటికి జూన్ దాకా సమయం ఇవ్వాలి. ఈ మొక్కలను సాధారణంగా అంటు కట్టరు, కత్తిరింపుల నుంచే పెంచుతారు. అందువల్ల మొదలు నుంచి వచ్చే చిగురు మనం నాటిన రకమే అయి ఉంటుంది. ఆ చిగుళ్లలో బలమైనవి నాలుగైదు ఉంచి మిగిలినవి తీసేయాలి. ఆ ఏడాది పూల మీద ఆశ పెట్టుకోకూడదు, ఎరువుతో తొందరపెట్టనూ కూడదు. వేసవి చివరికల్లా ఆ కొమ్మలు ముదిరితే అవి తర్వాతి చలికి సిద్ధంగా ఉంటాయి.